భువనేశ్వరా, విశాఖా? కాలేజీకి ముందే తేలిపోయే సంగతులు

మే నెల వచ్చిందంటే ఒడిశా సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడిలో ప్లస్ టూ రాసిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ: భువనేశ్వర్ పంపుదామా, విశాఖ పంపుదామా? గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురంలోని తెలుగు ఇళ్లలోనూ ఇదే మాట. ఎవరికి తోచిన సలహా వాళ్లిస్తారు. ఫలానా కాలేజీలో ప్లేస్‌మెంట్లు బాగున్నాయంటారు, ఫలానా చోట హాస్టల్ తిండి బాగోదంటారు. ఈ హడావుడిలో అసలు ప్రశ్న వెనకబడిపోతుంది. చదువయ్యాక ఈ పిల్ల ఎక్కడ ఉద్యోగం చేయాలనుకుంటోంది? ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఏ కాగితం అడుగుతారు?

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటు వెళ్లాయి. మన బంధుత్వాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్మ పుట్టిల్లు టెక్కలి, మేనత్త ఇల్లు పలాస, వైద్యానికి శ్రీకాకుళం, పెద్ద బజారు పనికి విశాఖ. పాతపట్నం వెళ్లి కూరగాయలు కొనుక్కొచ్చేవాళ్లకి అది వేరే రాష్ట్రమని గుర్తుకే రాదు. దరఖాస్తు నింపేటప్పుడు మాత్రం ఆ సరిహద్దు చాలా గట్టిగా ఎదురొస్తుంది.

సరిహద్దు జిల్లాల పిల్లలు ఏ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగం చేయగలరన్నది చాలావరకు కాలేజీకి ముందే, బడిలోనే తేలిపోతోంది. ఏ కంపెనీలో, ఏ ఊళ్లో ప్రైవేటు ఉద్యోగం దొరుకుతుందన్న దాంట్లోనే కాలేజీ పాత్ర ఎక్కువ. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే అనవసరమైన టెన్షన్, కొన్నిసార్లు తిరిగిరాని నష్టం.

ముందు సులువైనది చెప్పుకుందాం. యూపీఎస్సీ, ఎస్‌ఎస్‌సీ, రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షలు, గేట్ స్కోరుతో తీసుకునే ప్రభుత్వ రంగ సంస్థల ఇంజనీరు పోస్టులు, వీటికి మీ కాలేజీ ఏ రాష్ట్రంలో ఉందన్నది అక్కర్లేదు. గుర్తింపు ఉన్న డిగ్రీ అయితే చాలు. రైల్వే పరీక్ష ఒడియాలోనూ రాయొచ్చు, తెలుగులోనూ రాయొచ్చు. కాకపోతే ఒక నోటిఫికేషన్‌కి ఒకే బోర్డు ఎంచుకోవాలి. భువనేశ్వర్ బోర్డు పెడితే తూర్పు కోస్తా రైల్వే వైపు, సికింద్రాబాద్ బోర్డు పెడితే తెలుగు రాష్ట్రాల వైపు వెళ్లే అవకాశం ఎక్కువ. పని చేసే చోటు ఇక్కడ కాలేజీ వల్ల కాక, దరఖాస్తులో పెట్టే ఆ ఒక్క టిక్కుతో తేలుతుంది. 2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన జరిగాక, ఇక రైల్వే ఉద్యోగాలన్నీ మన పిల్లలకే అన్నట్టు మాట్లాడేవాళ్లు కనిపించారు. డివిజన్ వచ్చినంత మాత్రాన స్థానికులకు కోటా రాదు. ఉద్యోగం వచ్చినవాళ్లకు ఇంటికి దగ్గర్లో పోస్టింగు అడిగే వీలు పెరుగుతుంది, అదీ మంచిదే. ఐటీఐ చదివే పిల్లలు మాత్రం ఒకటి గమనించాలి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 (గ్రూప్-డి) నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. అందుకని ఐటీఐలో చేరేటప్పుడే ఆ ట్రేడుకు దేశమంతా చెల్లే ఎన్‌సీవీటీ గుర్తింపు ఉందో, రాష్ట్రస్థాయి ఎస్‌సీవీటీ మాత్రమే ఉందో అడిగి తెలుసుకోవాలి.

పదో తరగతి మార్కుల షీటు మీద ఉన్న భాష

చిక్కంతా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల దగ్గర, బ్యాంకు కౌంటరు ఉద్యోగాల దగ్గర, తపాలా శాఖ దగ్గర.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్ ఏది తీసినా అందులో ఒక పేరా ఉంటుంది. అభ్యర్థికి ఒడియా మాట్లాడడం, చదవడం, రాయడం రావాలి. వచ్చని నోటితో చెబితే చాలదు, రుజువు కావాలి. ఏడో తరగతిలో గానీ ఆపైన గానీ ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా మెట్రిక్‌లో భాషేతర సబ్జెక్టు ఒడియా మాధ్యమంలో రాసి ఉండాలి, అదీ కాకపోతే ఎం.ఈ. (మిడిల్ ఇంగ్లీష్ స్కూల్) స్టాండర్డు ఒడియా పరీక్ష పాసై ఉండాలి. మన ఇళ్లలో చాలామంది ఈ పేరా దాటేసి సిలబస్ దగ్గరికి వెళ్లిపోతారు. మూడేళ్లు కోచింగ్ తీసుకుని, పరీక్ష పాసై, సర్టిఫికెట్లు చూసే రోజున అక్కడ ఆగిపోయినవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు.

తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకు పరీక్షే లేదు, పదో తరగతి మార్కులతోనే ఎంపిక. అయితే ఆ సర్కిల్ స్థానిక భాషను పదో తరగతి దాకా చదివి ఉండాలి. ఒడిశా సర్కిల్‌కి ఒడియా, ఆంధ్ర సర్కిల్‌కి తెలుగు. స్టేట్ బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి ఏ రాష్ట్రం ఖాళీలకు దరఖాస్తు పెడతామో ఆ రాష్ట్ర భాష రావాలి. పదిలోనో పన్నెండులోనో ఆ భాష చదివినట్టు మార్కుల షీటు చూపిస్తే భాషా పరీక్ష ఉండదు. చూపించలేకపోతే పరీక్ష పెడతారు, అందులో తప్పితే రాత పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా ఉద్యోగం రాదు.

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. ఒడియా ఎంత చక్కగా మాట్లాడుతుందంటే బరంపురం వెళ్తే తెలుగువాళ్ల పిల్లని ఎవరూ గుర్తుపట్టరు. చదివింది టౌన్‌షిప్‌లోని సీబీఎస్‌ఈ బడిలో. అక్కడ ఇంగ్లీషు, హిందీ, సంస్కృతం. బ్యాంకు రాత పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. భాషా పరీక్షకు పిలుపొచ్చాక వాళ్లమ్మ ఆ పిల్లని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, "మాస్టారూ, దీనికి మాట వచ్చు, రాత రాదు. పది రోజుల్లో అయ్యే పనేనా?" అని అడిగింది. ఆ రోజు ఒడియా దినపత్రిక ఒకటి చేతికిచ్చి చదవమన్నాను. మొదటి పేజీలో పెద్దక్షరాల వార్త పేరు చదవడానికే చాలాసేపు పట్టింది. గుండ్రటి అక్షరాలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయంది. ఒత్తుల దగ్గర ఆగిపోయింది. తెలుగు పేపరు ఇస్తే దానికంటే నయం, కానీ అదీ తడబాటే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బళ్లో ఇంగ్లీషు. మూడూ మాట్లాడుతుంది, మనవైన రెంటిలోనూ నాలుగు వాక్యాలు రాయలేదు. ఇది ఆ పిల్ల తప్పు కాదు. మంచి బడి కదా అని ఫీజు కట్టిన తల్లిదండ్రులదీ కాదు. ఎనిమిదో తరగతిలో రెండో భాష, మూడో భాష ఎంచుకునే రోజున దీని పర్యవసానం ఇంత దూరం వస్తుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

అందుకే నా దగ్గరికి ఏ పిల్లని తీసుకొచ్చినా కాలేజీ సంగతి తర్వాత, ముందు పదో తరగతి మార్కుల షీటు చూపించమంటాను. అందులో ఒడియా ఉంటే ఒడిశా ఉద్యోగాలకు, ఇక్కడి బ్యాంకు శాఖలకు దారి ఉన్నట్టు. తెలుగు మొదటి భాషగా చదివి ఉంటే ఆంధ్ర వైపు బ్యాంకు, తపాలా ఉద్యోగాలకు రుజువు ఉన్నట్టు. రెండూ ఉంటే ఆ పిల్లది మంచి స్థితి. ఏదీ లేకపోతే ముందుగా చేయాల్సిన పని కాలేజీల చుట్టూ తిరగడం కాదు, ఆ లోటు పూడ్చడం.

ఇంటర్‌కి విశాఖ పంపితే ఏమవుతుంది

మన దగ్గర ఇప్పుడు బాగా నడుస్తున్న పద్ధతి ఇది. పదయ్యాక పిల్లల్ని విశాఖలో కార్పొరేట్ కాలేజీలో ఇంటర్‌కి వేస్తారు. అక్కడే చదివాడు కాబట్టి అక్కడే ఇంజనీరింగ్ సీటు వస్తుందని, ఆంధ్ర విద్యార్థి కింద లెక్కేస్తారని అనుకుంటారు. అలా జరగదు.

ఆంధ్రప్రదేశ్‌లో స్థానికుడు అన్న మాటకు చట్టంలో గట్టి అర్థం ఉంది. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు కాలేజీ ప్రవేశాల సంగతి చూస్తుంది. సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు అక్కడ చదివి ఉండాలి. ఇంజనీరింగ్‌కి అర్హత పరీక్ష ఇంటర్. వెనక్కి లెక్కేస్తే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఇంటర్ రెండేళ్లు మాత్రమే చదివినవాడు స్థానికుడు కాడు. అంటే ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు నిర్ణయం తీసుకోవాల్సింది ఎనిమిదో తరగతి అయ్యేసరికే. పదేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ విషయం తెలిసి ఉంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మిగిలిన 15 శాతం సీట్లు అందరికీ తెరిచి ఉంటాయని అనుకోవడమూ పొరపాటే. వాటికీ షరతులున్నాయి. అభ్యర్థి గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండాలి. లేదా తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండాలి. ఇలాంటివి మరికొన్ని. మన జిల్లాల వాళ్లు జాగ్రత్తగా చదవాల్సిన చోటు ఇదే. తల్లిదండ్రుల్లో ఒకరు అన్నాడు గానీ తండ్రే అనలేదు. అమ్మ టెక్కలిలోనో, సోంపేటలోనో పుట్టి, పెళ్లయ్యేదాకా ఇరవై ఏళ్లు అక్కడే పెరిగి ఉంటే ఆ పదేళ్ల షరతుకు ఆమె నివాసం సరిపోయే అవకాశం ఉంది. దానికి ఆమె పుట్టింటి మండల తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం కావాలి, ఆమె చదివిన బడి రికార్డు దానికి ఆధారం అవుతుంది. సరిహద్దు దాటి పెళ్లిళ్లు చేసుకున్న ఇళ్లు వేలల్లో ఉంటాయి, ఈ దారి వాడుకున్నవాళ్లు చాలా తక్కువ. కౌన్సెలింగ్ మొదలయ్యాక పరుగులు పెట్టకుండా, ఆ ఏడాది నోటిఫికేషన్ నిబంధన చదువుకుని ఆ కాగితం ముందే తెచ్చిపెట్టుకోవాలి.

ఈ రెండూ కుదరకపోతే ఎక్కువగా మిగిలేది ప్రైవేటు కాలేజీల్లో 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటివి ఆంధ్ర వాళ్లకే తప్ప మనకు రావు. పక్క ఊరి బంధువుల పిల్లాడు అదే కాలేజీలో ఎంత కడుతున్నాడో చూసి మన ఖర్చు అంచనా వేసుకుంటే నాలుగేళ్ల లెక్క పూర్తిగా తప్పుతుంది.

ఇక రెండో వైపు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి. అక్కడ సొంత రాష్ట్రం అంటే పుట్టింది, పెరిగింది కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. గుణుపురంలో ప్లస్ టూ చదివిన పిల్లాడికి రూర్కెలా ఎన్‌ఐటీలో సొంత రాష్ట్ర కోటా ఉంటుంది. అదే పిల్లాడు విశాఖలో ఇంటర్ చదివితే ఆ కోటా పోయి, తాడేపల్లిగూడెంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీ కోటా వస్తుంది. రూర్కెలా 1961 నుంచి ఉన్న సంస్థ, తాడేపల్లిగూడెం 2015లో మొదలైంది. ఏది మేలన్నది బ్రాంచిని బట్టి, ర్యాంకును బట్టి ఎవరికి వాళ్లు చూసుకోవాలి. కానీ తెలిసి మార్చుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. ఇంటర్‌కి విశాఖ వెళ్లిన పిల్లాడు ఆంధ్ర కౌన్సెలింగ్‌లో స్థానికేతరుడు, ఎన్‌ఐటీ లెక్కలో ఆంధ్ర వాడు, ఇంటి కాగితాల్లో ఒడిశా వాడు. ఈ మూడూ ఒకే పిల్లాడి గురించి, ఒకే ఏడాదిలో, వేర్వేరు ఫారాల్లో రాయాల్సి వస్తుంది.

బరంపురంలో 2016లో మొదలైన ఐసర్ (సైన్సు చదువుల, పరిశోధనల కేంద్ర సంస్థ)లోనో, కోరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో చేరాలనుకునేవాళ్లకు ఈ గొడవ లేదు. అవి కేంద్ర సంస్థలు, రాష్ట్ర కోటాల ఊసు ఉండదు. ఇంత మంచి సంస్థలు మన గుమ్మం ముందుంటే వాటి ప్రవేశ పరీక్ష తేదీ కూడా తెలియని ఇళ్లు ఉన్నాయి. బాధగా ఉంటుంది.

కాలేజీ సీటు అయ్యాక ఉద్యోగం మాట. ఆంధ్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతకు కాలేజీ చదువును ఆధారం చేసుకోరు, బడి చదువును చూస్తారు. ఉద్యోగాల మీద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు పదో తరగతితో ముగిసే చదువు మీద నడిచింది. తెలంగాణ 2018 ఉత్తర్వు ఇంకా వెనక్కి వెళ్లి, ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు చదివినవాళ్లనే స్థానికులంది, 95 శాతం ఉద్యోగాలు వాళ్లకే పెట్టింది. కాబట్టి పర్లాకిమిడిలో బడి చదువు పూర్తిచేసిన పిల్లాడు హైదరాబాద్‌లో బీటెక్ చేసినా, పీజీ చేసినా, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగానికి స్థానికుడు కాడు. హైదరాబాద్‌లో చదివితే హైదరాబాద్‌లో ఉద్యోగం అన్నది ప్రైవేటు రంగం మాట మాత్రమే.

కులం సర్టిఫికెట్ సంగతి

దీని గురించి మన ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోరు, కానీ నష్టపోతున్నది ఎక్కువగా ఇక్కడే. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. సరిహద్దుకు అటు ఒక వర్గంలో ఉన్న కులం ఇటు వేరే వర్గంలో ఉండొచ్చు, అసలు జాబితాలోనే లేకపోవచ్చు. ఇటు రిజర్వేషన్ ఉన్న పిల్లాడు ఆంధ్ర కాలేజీలో ఓపెన్ కింద పోటీ పడాల్సి వస్తుంది.

1990లో సుప్రీంకోర్టు తేల్చిన మర్రి చంద్రశేఖరరావు కేసు సరిగ్గా ఇలాంటిదే. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లింది, పిల్లాడు అక్కడే పెరిగాడు, మెడికల్ సీటుకు ఎస్టీ కోటా అడిగాడు. మహారాష్ట్ర జాబితాలో ఆ వర్గం లేదు. వలస వెళ్లినవాళ్లకు సొంత రాష్ట్రపు హోదా కొత్త రాష్ట్రంలో దానంతటదే రాదని కోర్టు చెప్పింది. ఇప్పటికీ అదే సూత్రం నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో సొంత రాష్ట్రపు సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి, రిజర్వేషన్ ఉన్న సరిహద్దు పిల్లలకు కేంద్ర పరీక్షలు మరింత నమ్మకమైన దారి. ఒడిశా వదిలి ఆంధ్రలో రాష్ట్ర స్థాయి ఉద్యోగం చూసుకోవాలనుకుంటే ఈ ఒక్క లెక్కా ముందు వేసుకోవాలి. తొందరపడి రెండు వైపులా రెండు నివాస ధ్రువపత్రాలు తీయించుకునే పని మాత్రం ఎవరూ చేయకండి. పరిశీలనలో బయటపడితే ఉద్యోగం వచ్చాక కూడా పోతుంది.

కంపెనీ ఉద్యోగాలకు కాలేజీ ఊరు ఎంత ముఖ్యం

ఇక్కడికి వచ్చేసరికి కాలేజీ ఎక్కడుందన్నది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం అవుతుంది, అయితే అందరికీ ఒకేలా కాదు.

పెద్ద ఐటీ కంపెనీలు ఒక్కో కాలేజీ నుంచి పదుల్లో, వందల్లో తీసుకుంటాయి. ఆఫర్ లెటరు భువనేశ్వర్ కాలేజీలో ఇచ్చినా చేరేది చెన్నై కావచ్చు, పూణే కావచ్చు. ఎక్కడ ప్రాజెక్టు ఉంటే అక్కడ. కాబట్టి హైదరాబాద్‌లో పని చేయాలని హైదరాబాద్ కాలేజీకి లక్షలు ఎక్కువ కట్టడం ఈ రకం ఉద్యోగాలకు దండగ. చిన్న కంపెనీల సంగతి వేరు. ముప్పై, నలభై మంది ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థ వేరే రాష్ట్రం కాలేజీకి మనుషుల్ని పంపి ఇంటర్వ్యూలు పెట్టదు. తన ఊళ్లోనే ఇంటర్న్‌లను పిలుస్తుంది, పని నచ్చితే ఉంచేసుకుంటుంది. ఆఖరి సెమిస్టరులో వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లి రాగలిగిన పిల్లాడికే ఆ అవకాశం. మీరు కోరుకునే పని ఈ రకమైతే ఆ నగరంలో చదవడం విలువైనదే.

ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో ఊరి ప్రభావం ఇంకా ఎక్కువ. కెమిస్ట్రీతో బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసిన పిల్లలకు శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోనూ, విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీలోనూ ఉన్న మందుల కంపెనీలు పెద్ద ఆసరా. ఆ కంపెనీలు ఉత్తరాంధ్ర కాలేజీలకు ఏటా వచ్చి వెళ్తుంటాయి, అక్కడి పూర్వ విద్యార్థులే లోపల సూపర్‌వైజర్లుగా ఉంటారు. గుణుపురంలో చదివిన పిల్లాడికీ ఆ ఉద్యోగం వస్తుంది, కానీ తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లాలి. ఇక అల్యూమినియం, ఉక్కు, ఫెర్రో క్రోమ్ పనికి మన వైపే బలం. దమంజోడిలో నాల్కో, తెరుబలిలో ఇంఫా, ఇంకా పైకి వెళ్తే అనుగుల్, కళింగనగర్, ఝార్సుగుడా, రూర్కెలా. మెటలర్జీనో, మెకానికలో తీసుకుని ప్లాంటు పని ఇష్టపడే పిల్లాడికి ఒడిశా కాలేజీ వదులుకుని వెళ్లమని నేను చెప్పను. సునాబెడలో హెచ్‌ఏఎల్ ఇంజన్ల కర్మాగారం, రాయగడ దగ్గర జేకే పేపర్ మిల్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. వీటిలో ఇంజనీరు పోస్టులకు దేశమంతా పోటీ, కింది స్థాయి పనుల్లో, అప్రెంటిస్‌షిప్‌లలో చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు.

దూరాలు కూడా చూడండి. బరంపురం నుంచి భువనేశ్వర్ దగ్గర, విశాఖ దూరం. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు సరిగ్గా తిరగబడుతుంది. రాయగడ నుంచి విజయనగరం మీదుగా విశాఖకు నేరుగా రైలుంది. ఒకే సలహా అందరికీ సరిపోదని అనడానికి ఇదో కారణం.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో పెద్ద డేటా సెంటర్ పెడతామని ప్రకటించాక, ఇంట్లో కూర్చుని కంప్యూటర్ సైన్స్ అంటే విశాఖే అని తీర్మానించేసిన తల్లిదండ్రులు ఉన్నారు. డేటా సెంటర్‌కి పెట్టుబడి భారీగా ఉంటుంది గానీ, కట్టడం అయ్యాక లోపల పనిచేసే మనుషులు ఆ పెట్టుబడికి తగ్గట్టు వేలల్లో ఉండరు. నాలుగేళ్ల చదువు పత్రికలో వచ్చిన ప్రకటన మీద ఆనుకోకూడదు. ఇప్పటికే అక్కడ నడుస్తున్న కంపెనీలు, అవి కిందటేడు ఏ కాలేజీల నుంచి ఎంతమందిని తీసుకున్నాయో చూడండి.

అది ఎలా తెలుస్తుందంటారా? కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ఉండేది ఒకరిద్దరికి వచ్చిన అత్యధిక ప్యాకేజీ. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగుకు దరఖాస్తు చేసిన కాలేజీలు తాము సమర్పించిన వివరాలను వెబ్‌సైటులో పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మధ్యస్థ జీతం ఎంత అన్నవి బ్రాంచిలన్నీ కలిపేసి ఉన్నా సరే, ఏడాది వారీగా ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి దానికంటే తక్కువ వచ్చిందని అర్థం. ఫ్లెక్సీ కంటే ఆ అంకె నమ్మొచ్చు. తర్వాత లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ పేరు కొట్టి, పూర్వ విద్యార్థులు ఏ ఊళ్లో ఉన్నారో చూడండి. మీ పిల్ల వెళ్లాలనుకుంటున్న ఊళ్లో అక్కడివాళ్లు పదిమంది కూడా కనిపించకపోతే, అడ్మిషన్ ఆఫీసులో చెప్పే మాటలకంటే దాన్నే ఎక్కువ పట్టించుకోవాలి.

నర్సింగ్, ఫార్మసీ, లా, బీఎడ్‌లకు విడిగా ఒక మాట. నర్సు, ఫార్మసిస్టు ఏ రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదైతే ఆ రాష్ట్రంలో పని చేయాలి. వేరే రాష్ట్రానికి మారాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని నమోదు మార్చుకోవాలి. అది జరిగే పనే, కానీ నెలలు పడుతుంది. శ్రీకాకుళంలో నర్సింగ్ చదివి బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఉద్యోగం అనుకునేవాళ్లకు ఆ నమోదూ కావాలి, పైన చెప్పిన ఒడియా రుజువూ కావాలి. లాయరు దేశంలో ఎక్కడైనా వాదించొచ్చు, అయితే కింది కోర్టు దస్తావేజులు ఆ రాష్ట్ర భాషలో ఉంటాయి, సీనియరు చాంబరు ఉన్న ఊళ్లోనే కేసులు దొరుకుతాయి. బీఎడ్ ఎక్కడ చేసినా చెల్లుతుంది, టెట్ మాత్రం రాష్ట్రానిది. ఒడిశా టెట్‌లో మొదటి భాషగా తెలుగు తీసుకోవచ్చు, ఆంధ్ర టెట్‌లో ఒడియా తీసుకోవచ్చు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా బడులున్నాయి, మన వైపు తెలుగు బడులున్నాయి. పోస్టులు తక్కువే, కానీ రెండు లిపులూ వచ్చినవాళ్లు కూడా తక్కువే.

ఆడపిల్లల విషయంలో ఈ లెక్కలన్నీ పక్కకు పోయి, అంత దూరం పంపడమా అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతాయి. దగ్గర కాలేజీలో డిగ్రీ చదివించి, ఆ తర్వాత పెళ్లి సంబంధం ఎటు కుదిరితే అటు ఉద్యోగం చూసుకోమంటారు. ఆ పిల్లకు ఏ రాష్ట్రంలో కాపురం ఉంటుందో తెలియదు కాబట్టే, రెండు వైపులా చెల్లే కాగితాలు అందరికంటే ఎక్కువ ఆమెకే అవసరం. రెండు భాషల రాత, కేంద్ర గుర్తింపు ఉన్న సర్టిఫికెట్, బదిలీ చేసుకోగలిగే వృత్తి. దగ్గర కాలేజీలోనే చేర్పించినా సరే, ఈ మూడింట్లో కనీసం రెండు ఆ చదువులో ఉండేలా చూడండి.

ఇప్పటికే చేరిపోయినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. కంపెనీ ఉద్యోగం కోసం ఊరు మారాలంటే పీజీ ఉంది, ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంది, డిప్లొమా, డిగ్రీ అయ్యాక ఏడాది పాటు స్టైపెండుతో చేసే అప్రెంటిస్‌షిప్ ఉంది. ఒడియా రుజువు లేనివాళ్లకు ఎం.ఈ. స్టాండర్డు పరీక్ష ఉంది. అది ఏడో తరగతి స్థాయి పరీక్ష. ఇంట్లో, వీధిలో ఒడియా మాట్లాడే పిల్లలకు లిపి మీద కొన్ని నెలలు కూర్చుంటే అందేదే. మా వీధి అమ్మాయి ఆ భాషా పరీక్ష గట్టెక్కలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఒడియా కాపీ రాసుకుంటూ ఎం.ఈ. పరీక్షకు సిద్ధమవుతోంది. ఈ పరీక్ష ఎప్పుడు పడితే అప్పుడు జరగదు, ఉద్యోగ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ నాటికి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. కాబట్టి డిగ్రీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టి, రెండో ఏడాదిలోపు పూర్తిచేసుకోవడం మంచిది.